పక్కింటి అక్క కారు ఎందుకు కదల్లేదు

నా చిన్నప్పుడు బోధన్‌లో మా గల్లీ మొత్తానికి ఒకటే కారు ఉండేది. అది మా పక్కింటివాళ్లది. తెల్ల కారు అని చెప్పుకునేవాళ్లం గానీ, చెరుకు బండ్ల వెనక తిరిగి తిరిగి అది ఎప్పుడో దుమ్ము రంగుకు మారిపోయింది. ఆ ఇంటి పెద్దాయన దాన్ని ముప్పై ఏళ్లు కిరాయికి తిప్పాడు. నిజామాబాద్ ఆస్పత్రికి పోయే బాలింతలు, కచేరీ పనుల మీద పోయే కాలువ కింది రైతులు, సరిహద్దు దాటి మహారాష్ట్ర సంతలకు పోయే వ్యాపారులు, అందరూ ఆ కారు ఎక్కినవాళ్లే. నేను ఆయన్ను పెద్దబాపు అనేదాన్ని, ఆయన భార్యను పెద్దమ్మ అనేదాన్ని. మాకూ వాళ్లకూ చుట్టరికమేమీ లేదు. రెండిళ్లకూ గోడ ఒకటే, అంతే.

వాళ్లకు ఒక్కతే కూతురు. నేను ఆమెను అక్క అని పిలిచేదాన్ని. ఆమె తల్లిని అవ్వా అని, తండ్రిని బాపూ అని పిలిచేది. పెళ్లయి అత్తగారింటికి వెళ్లిన కొంత కాలానికే ఆమె తిరిగి వచ్చేసింది. ఎందుకు వచ్చిందో మా పిల్లలకు ఎవరూ చెప్పలేదు. అక్క కూడా ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు. వచ్చిన రోజు ఎలా నడిచి వచ్చిందో ఆ తర్వాత కూడా గల్లీలో అలాగే తలెత్తుకుని తిరిగింది. ఆమె తిరిగి రావడం కంటే అలా తలెత్తుకుని తిరగడమే చాలామందికి మింగుడు పడలేదని నాకు ఇప్పుడు అర్థమవుతోంది.

అక్క వచ్చిన ఏడాదికి పెద్దబాపుకు షుగర్ ముదిరి చూపు మందగించింది. మొదట రాత్రి బండి నడపడం మానేశాడు, తర్వాత పగలు కూడా మానేశాడు. కారు ఇంటి ముందు రేకుల కింద నిలబడిపోయింది. పెద్దబాపు మంచం లోపలి గదిలో, కిటికీ పక్కనే ఉండేది. గల్లీలో ఏ సైకిల్ పోయినా, ఏ బండి పోయినా చప్పుడు విని ఎవరిదో చెప్పేవాడు. తన కారు చప్పుడు మాత్రం వినబడేది కాదు.

అప్పుడే పెద్దమ్మ తమ్ముడు, అంటే అక్కకు మేనమామ, రోజూ సాయంత్రం రావడం మొదలుపెట్టాడు. వచ్చి అరుగు మీద కూర్చుని చాయ్ తాగి, కారును అటూ ఇటూ చూసి, తనకు అమ్మెయ్యమని అడిగేవాడు. ఆ మాట మా అరుగు మీది వాళ్లందరికీ వినబడేలా అనేవాడు. మా అరుగు మీద మా అమ్మా, ఇంకో నలుగురైదుగురు ఆడవాళ్లూ ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లు. చేతులు ఆకు మీద, చెవులు పక్కింటి మీద ఉండేవి.

ఒకరోజు అక్క వాకిట్లోకి వచ్చి, కారు అమ్మేది లేదని, తనే నడుపుతానని చెప్పింది. మేనమామ నవ్వాడు. ఆ నవ్వు చూసి మా అరుగు మీద కూడా ఇద్దరు ముగ్గురు నవ్వారు. అక్క నవ్వలేదు, కోపగించుకోలేదు. మరునాడు తెల్లవారగానే పెద్దబాపును చేయి పట్టుకుని నడిపించి, పక్క సీటులో కూర్చోబెట్టి, ఆయన చెప్పినట్టు మొదటి గేరులోనే మెల్లగా పోనిస్తూ, చక్కెర కార్ఖానా దాటాక కాలువ గట్టు మీద ఉండే ఖాళీ దారికి తీసుకుపోయింది. ఆయన చూడలేడు, కానీ ఇంజన్ చప్పుడు విని గేరు ఎప్పుడు మార్చాలో, క్లచ్ ఎక్కడ వదలాలో చెప్పేవాడట. అలా ఒక వానాకాలమంతా నేర్చుకుంది. నిజామాబాద్‌కు పోయి లైసెన్సు తెచ్చుకుంది. ఆ రోజు లైసెన్సును మా అందరి చేతుల్లో పెట్టి చూపించింది. మేనమామకు మాత్రం చూపించలేదు.

మోస్రా వైపు ఊళ్లలో పనిచేసే నలుగురు టీచరమ్మలు బోధన్‌లోనే ఉండేవాళ్లు. బస్సు వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు. ఆలస్యంగా పోయి పెద్దసారుతో మాట పడుతుండేవాళ్లు. అక్క వాళ్ల దగ్గరికి తనే వెళ్లి, రోజూ పొద్దున దింపి సాయంత్రం తీసుకొస్తానని చెప్పింది. వాళ్లు సంతోషంగా ఒప్పుకున్నారు. వచ్చే సోమవారం నుంచి బస్టాండు దగ్గర ఎదురుచూస్తామన్నారు.

ఆ సోమవారం మా గల్లీ అంతా తొందరగా లేచింది. అక్క కారు కడిగి, బొట్టు పెట్టి, సీటులో కూర్చుని తాళం తిప్పింది. కారులో ఎక్కడో టక్కుమని ఒక చిన్న చప్పుడు వచ్చింది, అంతే. మళ్లీ తిప్పింది. మళ్లీ టక్. మా అరుగు మీద చేతులన్నీ ఆగిపోయాయి.

కిటికీలోంచి పెద్దబాపు గొంతు వినిపించింది. "ఏమైంది బిడ్డా?"

"సెల్ఫ్ తీసుకుంటలేదు బాపూ."

"పరేషాన్ గాకు. లైటు యెయ్యి. గా పక్కింటి పొల్లను ముందట నిలవడమను. లైటు సూసుకుంట ఉండుమను. నువ్వు సెల్ఫ్ కొట్టు."

ఆ పిల్లను నేనే. పరుగెత్తుకెళ్లి కారు ముందు నిలబడ్డాను. రెండు దీపాలూ బాగానే వెలుగుతున్నాయి. అక్క తాళం తిప్పగానే టక్కుమంది, రెండు దీపాలూ ఒక్కసారిగా ఆరిపోయాయి. చేయి తీయగానే మళ్లీ వెలిగాయి. అది నేను గట్టిగా కేకేసి చెప్పాను.

"సన్నగైనయా, మొత్తం పోయినయా?"

"మొత్తం పోయినయ్ పెద్దబాపూ!"

"అయితే బ్యాటరీల దమ్మున్నది. సచ్చిన బ్యాటరీ అయితే లైటు సన్నగైతుండె. ఉన్న దమ్ము బయటికి వస్తలేదు. దాని మూతికాడ సూడు బిడ్డా, వైరు పట్టు ఇడిసింది."

అక్క బానెట్ ఎత్తింది. నేను మునివేళ్ల మీద నిలబడి తొంగిచూశాను. బ్యాటరీ మీద మందపాటి వైరు బిగించే చోట తెల్లగా, పచ్చగా పొడి పేరుకుని ఉంది. వేడినీళ్లు పోసి కడిగి, గరుకు కాగితంతో రుద్ది, పానాతో బిగించింది. తాళం తిప్పగానే కారు ఒళ్లు దులుపుకున్నట్టు లేచింది. గల్లీ పిల్లలమంతా అరిచాం. కానీ అక్క బస్టాండు చేరేసరికి టీచరమ్మలు బస్సెక్కి వెళ్లిపోయారు. సాయంత్రం వాళ్ల ఇళ్లకు పోయి జరిగింది చెప్పుకుంది. పాత కారు కదా, ఫర్వాలేదు, రేపు రమ్మన్నారు.

ఆ పొద్దున కారు బాగుచేస్తున్నంతసేపూ పెద్దమ్మ గడపలో నిలబడి చూసింది. ఆమె మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. కారు కదలనప్పుడు ఆమె మొహంలో బెంగ లేదు. కదిలాకే వచ్చింది. నేను చిన్నదాన్ని, చూశాను గానీ ఏమీ అనుకోలేదు.

మరునాడు కారు ఇంకో రకంగా మొండికేసింది. ఈసారి సెల్ఫ్ గిర్రున తిరుగుతోంది, ఇంజన్ మాత్రం అందుకోవడం లేదు. ఎంతసేపు కొట్టినా అదే వరస. పెద్దబాపు కిటికీలోంచి విని ఆపమన్నాడు. సెల్ఫ్ తిరుగుతోందంటే బ్యాటరీ దాకా అంతా బాగున్నట్టే అన్నాడు. కరెంటు ఇంటి నుంచి బయల్దేరిన మనిషి లాంటిదట. ఎక్కడిదాకా వచ్చిందో అడుగుతూ పోతే, ఏ మలుపు దగ్గర ఆగిందో అక్కడ దొరుకుతుందట. రెండు వైర్లు కట్టిన చిన్న బల్బు ఒకటి ఆయన పెట్టెలో ఉండేది. అక్క దాన్ని పట్టుకుని ఒక్కో చోట తాకిస్తూ పోయింది. కాయిల్ అనే నల్ల డబ్బా దగ్గరికి వచ్చేదాకా బల్బు వెలిగింది. ఆ తర్వాత వెలగలేదు. వంగి చూస్తే కాయిల్ నుంచి ఇంజన్‌కు పోవాల్సిన సన్న వైరు ఊడి పక్కకు వేలాడుతోంది. దాన్ని బిగించే చిన్న నట్టు లేదు.

అక్క పెట్టెలో వెతికి ఇంకో నట్టు తెచ్చి బిగించింది. కారు నడిచింది. టీచరమ్మలు ఆ రోజు కూడా బస్సులోనే పోయారు.

సాయంత్రం మేనమామ వచ్చాడు. ఆడదాని చేతికి బండి లొంగదని, ఉన్న ఒక్క వస్తువును నాశనం చేసుకోవద్దని గట్టిగా అన్నాడు. మా అరుగు మీది వాళ్లు కూడా తలలు ఊపారు. మా అమ్మ కూడా ఊపింది. అక్క లోపలికి వెళ్లి పెద్దబాపు మంచం పక్కన కూర్చుంది. నేను కిటికీ అవతల నిలబడి ఉన్నాను.

"నాకు చేతగాదా బాపూ?" అని అడిగింది. అంత చిన్న గొంతుతో ఆమె మాట్లాడడం నేను అంతకుముందు వినలేదు.

"బండికి ఆడోళ్లు మొగోళ్లని ఎరుకుంటదా పిచ్చిదానా? కరెంటొస్తే నడుస్తది, రాకుంటే నడవది. నిన్న పొద్దుగాల నువ్వే బాగుచేస్తివి, ఇయ్యాల నువ్వే బాగుచేస్తివి. చేతగానోళ్లు గిట్ల చేస్తరా?"

ఆ మాట చెప్పి ఆయన ఇంకేదో అనబోయి ఆగిపోయాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆయన ఎందుకు ఆగాడో మాకు మరునాడు తెలిసింది.

మరునాడు అక్క చీకటి పూర్తిగా విడవకముందే లేచింది. టీచరమ్మల్లో పెద్దామె ముందురోజు సాయంత్రం మెల్లగా చెప్పిందట, ఇవాళ కూడా రాకపోతే వాళ్లు ఇంకో జీపు మాట్లాడుకుంటారని. నేను పళ్లు తోముకుంటూ బయటికి వచ్చేసరికి అక్క అప్పటికే తాళం తిప్పుతోంది. సెల్ఫ్ తిరిగింది. ఇంజన్ అందుకోలేదు.

ఆమె దిగి బానెట్ ఎత్తింది. అదే వైరు, మళ్లీ ఊడి వేలాడుతోంది. నిన్న బిగించిన నట్టు మళ్లీ లేదు. అక్క నన్ను కారు కింద చూడమంది. నేను దూరి వెతికాను. మట్టిలో ఏమీ లేదు. తిరిగే బండిలో నట్టు వదులై పడిపోతుంది, అది నిజమే. కానీ రాత్రంతా కదలకుండా నిలబడ్డ బండిలో, పానా వేసి బిగించిన నట్టు తనంతట తాను ఊడి మాయమవుతుందా? అక్క ఆ మాటే పైకి అంది. మా అరుగు మీది ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లలో ఒకావిడ అక్క మేనమామ ఇంటి వైపు గడ్డం ఎత్తి చూపించింది. కారు కావాలని తిరుగుతున్నది ఆయనే కదా.

అక్క పానా చేత్తో పట్టుకునే బయల్దేరింది. నేను వెనకాలే పరుగెత్తాను. ఆమె నడక చూసి నాకు భయం వేసింది. ఆ పానాతో ఏం చేస్తుందో అనుకున్నాను. గల్లీ మలుపు దాకా వెళ్లి ఒక్కసారిగా ఆగింది. తనలో తనే ఏదో లెక్క చూసుకుంటున్నట్టు పెదవులు కదిలాయి.

తర్వాత నాతోనే మాట్లాడినట్టు అంది. "నట్టు ఇప్పాల్నంటే బానెట్ ఎత్తాలె. బానెట్ గుంజే హ్యాండిల్ కారు లోపట ఉన్నది. కారుకు తాళం ఉన్నది. తాళంచెవి యాడున్నది?"

నాకు తెలుసు. ఆ ఇంట్లో అందరికీ తెలుసు. తాళంచెవి రాత్రి పెద్దబాపు మంచం పైన గోడకు కొట్టిన మేకుకు వేలాడుతుంది.

అక్క వెనక్కి తిరిగింది. ఇంటికి వచ్చేటప్పుడు ఆమె వేగంగా నడవలేదు. ఆ కొంచెం దూరం ఎప్పటికీ ముగియకుంటే బాగుండునన్నట్టు నడిచింది.

పెద్దమ్మ వాకిట్లో పేడనీళ్లతో సాన్పు చల్లుతోంది. అక్క ఆమె ఎదురుగా నిలబడింది. అరవలేదు. "అవ్వా, నట్లు యాడ పెట్టినవ్?" అని మాత్రం అడిగింది.

పెద్దమ్మ చేతిలో చెంబు ఆగింది. పెద్దమ్మ బుకాయిస్తుందేమో అనుకున్నాను. ఆమె చెంబు కింద పెట్టి, కొంగు ముడి విప్పింది. రెండు చిన్న ఇత్తడి నట్లు అరచేతిలో పెట్టి కూతురి ముందుకు చాపింది.

"నేనే ఇప్పిన. ముప్పై ఏండ్లు మీ బాపును సూసిన. జాతరల కాడ దొంగలు ఎత్కపోతరని గా వైరు ఇప్పి జేబుల పెట్టుకొని వస్తుండె. ఏది పీకితే కదలదో నాకెరుక లేదా? సోమారం నాడు బండి దానంతటదే ఆగిపోయె. నువ్వు ఇంటికాడనే ఉంటవని నా పానం నిమ్మళమాయె. నువ్వు బాగుచేస్తివి. గప్పుడే ఇది ఇప్పాల్నని అనుకున్న."

"ఎందుకే అవ్వా? లోకం ఏమంటదో అనా?"

"లోకం తల్కాయ పగులగొట్ట! లోకం ముచ్చట నాకెందుకు?" పెద్దమ్మ గొంతు అప్పుడు పెరిగింది. "ముప్పై ఏండ్లు పొద్దుమీకినంక గీ గడపల కూసున్న. వాన పడితే భయం, లారీలు ఎదురొస్తే భయం, జర ఆలస్యమైతే భయం. ఇంజన్ సప్పుడు ఇనవడేదాక బువ్వ ముట్టలె. మొగనికోసం కూసున్న, సరే. ఇగ బిడ్డకోసం గూడ గట్లనే కూసోవాల్నా? నాతోని కాదు. నేను కూసోను."

నేను అంతవరకు పెద్దమ్మను చూసింది వంట చేస్తూ, బీడీలు చుడుతూ, చాయ్ ఇస్తూ. ఆమెలో అంత మాట ఉందని నాకు తెలియదు. ఎవరికీ తెలియనట్టుంది.

అప్పుడు కిటికీలోంచి పెద్దబాపు మాట వచ్చింది. బానెట్ ఎత్తిన చప్పుడు రెండు రాత్రులూ తనకు వినబడిందని, ఎవరి అడుగుల చప్పుడో కూడా తెలిసిందని చెప్పాడు. "నాకు ఎరుకే బిడ్డా. నేను ఊకున్న. నా మనసుల గూడ జర భయమున్నది" అన్నాడు.

అక్క తల్లి వైపు చూసింది, కిటికీ వైపు చూసింది. తనకు దారి చూపినవాడూ, దారి ఆపినదీ ఇద్దరూ తనవాళ్లే. ఏడుస్తుందని నేను అనుకున్నాను. ఆమె కళ్లు ఎర్రబడ్డాయి గానీ నీళ్లు రాలేదు. కొంగు నడుముకు బిగించింది.

"నేను పోవుడైతే పోత అవ్వా. ఇయ్యాల నువ్వు ఇప్పితే ఇయ్యాల బిగిస్త. రేపు ఇప్పితే రేపు బిగిస్త. బ్యాటరీ తీసి బాయిల పారేసినా ఇంకోటి తెస్త. నేను ఆగ. గని నువ్వు గడపల కూసునుడు గూడ వద్దు. ఎదురుసూసుడు నీకు వద్దంటున్నవ్ గదా? సూడకు. బండెక్కు. నా పక్కన కూసో."

పెద్దమ్మకు ఆ మాట మొదట అర్థం కాలేదు. ఆ కారు ముప్పై ఏళ్లు ఆ ఇంటి ముందు నిలబడింది. కానీ అది కిరాయి కారు, ముందు సీటు ఎప్పుడూ కిరాయికి ఎక్కినవాళ్లదే. ఆమె దాన్ని కడిగింది, తుడిచింది, దిష్టి తీసింది. ముందు సీటులో ఒక్కసారి కూడా కూర్చోలేదు.

"మీ బాపును ఎవలు సూస్తరు?" అంది చివరికి. అది కాదనడం కాదని నాకే తెలిసింది.

మా అరుగు మీంచి మా అమ్మ లేచింది. ముందురోజు మేనమామ మాటకు తల ఊపిన మా అమ్మే. ఒళ్లోని చాట పక్కన పెట్టి, చేతికి అంటిన పొగాకు దులుపుకుంటూ, "నేనున్న గదా వదినా. అన్నకు చాయ్ నేను పోస్త. నువ్వు పోయి రా" అంది.

అక్క నట్టు తీసుకోవడానికి చేయి చాపింది. పెద్దమ్మ ఇవ్వలేదు. పానా ఇటు తెమ్మంది. "నువ్వు పెట్టిందే గదా నిన్న నా చేతికి ఊడింది. నేను బిగిస్త" అంటూ బానెట్ మీదికి వంగింది. వైరు పెట్టి, ఒక నట్టు మీద ఇంకో నట్టు బిగించింది. అక్క ఏమీ చూపాల్సిన అవసరం లేకపోయింది. తాళం తిప్పగానే ఇంజన్ అందుకుంది.

నన్ను బస్టాండు మలుపు దాకా ఎక్కించుకున్నారు. వెనక సీటులో కూర్చుని నేను పెద్దమ్మ వీపే చూస్తున్నాను. ఆమె కొంగు నెత్తి మీదికి లాక్కుని, ఎదురుగా ఉన్న పలకను రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. బండి గుంతలో పడ్డప్పుడల్లా కూతురి వైపు తిరిగి మెల్లగా పొమ్మని కేకలేసింది. చెరుకు ట్రాక్టరు ఒకటి ఎదురొస్తే కళ్లు మూసుకుంది. మళ్లీ తెరిచి, అక్క ఎలా దాటిందో చూసింది. ఆ తర్వాత చేతులు కొంచెం వదులయ్యాయి.

బస్టాండు ముందు బస్సు అప్పుడే వచ్చి ఆగుతోంది. టీచరమ్మలు సంచులు భుజాలకు తగిలించుకుని లేచారు. అక్క గట్టిగా హారన్ కొట్టింది. అందరూ తిరిగి చూశారు. హోటల్ ముందు చాయ్ తాగుతున్న ఒకతను తన పక్కవాడితో, మాకు వినబడేలాగే, "ఆడోళ్ల బండి వచ్చిందిరో" అన్నాడు.

అక్క బదులు చెప్పేలోపే పెద్దమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది. నెత్తి మీది కొంగు జారిపోయింది, సర్దుకోలేదు. "అవు, ఆడోళ్ల బండే. మోస్రా దాక పోతది. నీకేమన్న తక్లీఫ్ ఉన్నదా?" అంది. ఆ మనిషి గ్లాసులోకి చూసుకున్నాడు. టీచరమ్మలు నవ్వు ఆపుకుంటూ కారెక్కారు. నేను దిగి, కారు వర్ని రోడ్డు వైపు తిరిగేదాకా అక్కడే నిలబడి చూశాను.

ఆ రోజు నుంచి చాలా కాలం పెద్దమ్మ రోజూ కారులో పోయింది. చివరి బడి ముందు బండి ఆగాక సాయంత్రం దాకా నీడలో కూర్చుని బీడీలు చుట్టేదట. పొద్దున ఆకు, దారం, పొగాకు చాటలో సర్దుకుని ముందు సీటులో పెట్టుకునేది. ఊరికే కూర్చుంటే పని ఎవరు చేస్తారు అనేది. ఆ ఊళ్లో ఆడవాళ్లు కొందరు ఆమెతో ముచ్చట కలిపారు. కూరగాయలు ఇచ్చేవాళ్లు. కొన్ని నెలలకు ఒక పొద్దున నడుం పట్టేసిందని, ఇవాళ నువ్వే పోయి రమ్మని కూతురితో అంది. ఆ సాయంత్రం ఆమె గడపలో కూర్చోలేదు. మా ఇంట్లో, మా అమ్మతో కూర్చుని అన్నం తిన్నది. కారు చప్పుడు వినిపించినప్పుడు ముద్ద నోట్లో ఉండగానే, "వచ్చింది" అంది, అంతే.

అక్క చాలా ఏళ్లు బండి నడిపింది. పెద్దబాపు పోయాక కూడా నడిపింది. ఆ కారు పూర్తిగా అరిగిపోయాక ఇంకోటి కొన్నది. ఆమె మేనమామ తన మనవరాలి కాన్పుకు నిజామాబాద్ పోవడానికి ఆమె బండినే పిలిచాడు. అక్క వెళ్లింది, జాగ్రత్తగా దింపి వచ్చింది. పాత మాట ఎత్తలేదు.

నాకు ఇప్పుడు మనవలున్నారు. నిజామాబాద్‌లో చిన్న బట్టల దుకాణం నడుపుతున్నాను. పెళ్లయిన కొత్తలో అది పెట్టుకుంటానన్నప్పుడు మా ఇంట్లో అందరూ, నీకు లెక్కలు రావు, బేరం రాదు, మనుషులతో వేగలేవు అన్నారు. నేను కొన్నాళ్లు నమ్మాను కూడా. ఒకరోజు కూర్చుని, అక్క బల్బు పట్టుకుని వెతికినట్టు, ఒక్కొక్కటి అడుగుతూ పోయాను. లెక్కలు వచ్చు, బేరం వచ్చు, మనుషులతో వేగడం అందరికంటే బాగా వచ్చు. మరి ఎక్కడ ఆగింది? మా ఆయన భయం దగ్గర. నేను దుకాణంలో ఉంటే తన పక్కన ఎవరుంటారన్న భయం. దాన్ని నా చేతగానితనమని పేరు పెట్టి అన్నాళ్లూ నాతోనే మోయించారు. అది తెలిశాక నాకు ఆయన మీద కోపం రాలేదు. ఆగిపోవాలని కూడా అనిపించలేదు. ఆ రెండూ కలిసి ఉండొచ్చని నాకు చిన్నప్పుడే ఒక గల్లీలో చూపించారు.

నన్ను ఆపినవాళ్లలో ఎక్కువమంది నా మంచి కోరినవాళ్లే. పగవాళ్లకు నన్ను ఆపేంత తీరిక ఎప్పుడూ లేదు. అందుకే ఎవరైనా "నీవల్ల కాదు" అన్నప్పుడు ఆ మాటను నేను వెంటనే తీసుకోను, వెంటనే కొట్టిపారేయను కూడా. అది ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తాను. భయం నుంచి వచ్చిందైతే ఆ భయం పక్కన కాసేపు కూర్చుంటాను. దానికి నా పని అప్పగించను.

మొన్న వేసవిలో నా కొడుకు వచ్చి, ఈ వయసులో, ఈ ఎండల్లో దుకాణమెందుకు, మూసెయ్యమన్నాడు. వాడు చెప్పిందంతా విన్నాను. నా బీపీ గురించి, ఒంటరిగా ఉన్నప్పుడు పడిపోతే ఎవరు చూస్తారన్న దాని గురించి పదే పదే చెప్పాడు. వాడి చేయి పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మధ్యాహ్నం పూట మాత్రం ఎండ తగ్గేదాకా మూసి ఉంచుతానని, పక్క దుకాణం అమ్మాయికి వాడి నంబర్ ఇస్తానని ఒప్పుకున్నాను. వాడు కొంచెం తేలికపడి వెళ్లిపోయాడు.

మరునాడు పొద్దున ఎప్పటి టైముకే షట్టర్ ఎత్తాను.